ఇద్దరి ఏకాంతానికి నలుగురం: కుందాపుర పక్కన కోడి తీరం

కొత్తగా పెళ్ళి చేసుకున్నవాణ్ణి ఏడాదిపాటు యుద్ధానికి పంపకూడదు, ఊరి పనులేవీ వాడి నెత్తిన పెట్టకూడదు, వాడు ఇంటిపట్టున ఉండి కట్టుకున్నదాన్ని సంతోషపెట్టాలి. ఇది నా సొంత కవిత్వం కాదు, బైబిలు ధర్మశాస్త్రంలో ఉన్న ఆజ్ఞ. నేను ఏ వేదాంత పాఠశాల మెట్లూ ఎక్కలేదు. బెంగళూరు చిక్కపేటలో చీరలకు ఫాల్ కుట్టే పని నాది. మిషను పక్కన వాక్యం తెరిచి పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించే ప్రతిసారీ ఒక్కో వచనం చదువుకుంటూ ఇరవై ఏళ్ళలో నేర్చుకున్నదే నా చదువు. అయితే నేర్చుకున్నదాన్ని నోట్లో దాచుకునే రకం కాదు నేను. కె.ఆర్.పురంలో మా ఇంటి ప్రార్థన కూడికలో ఈ ఆజ్ఞ మీద ఒక సాయంత్రం గంటన్నరసేపు మాట్లాడాను, బల్ల గుద్ది మరీ. కూడిక ముగిశాక అందరూ చెప్పులేసుకుంటుంటే దీవెన నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, యుద్ధానికి పంపకూడదన్నారు గదా, నైట్ షిఫ్ట్‌కు పంపొచ్చునా?" అంది. నవ్వుతా అడిగిందే గానీ పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

దీవెనది చిత్తూరు. ఇక్కడ ఒక ఆస్పత్రిలో నర్సు, పగటి డ్యూటీ. మొగుడు మనోహర్ కంప్యూటర్ కంపెనీలో రాత్రి పని. ఆమె తలుపు తీసుకుని పోయే వేళకు అతను వస్తాడు. ఉండేది రెండు గదుల ఇల్లు, అందులో అత్త సారమ్మ, కాలేజీకి పోయే మరిది. ఈ సంబంధం కుదిర్చింది నేనే. పెళ్ళిలో ఇద్దరి చేతులూ కలిపి ప్రార్థన చేసిందీ నేనే. ఆ అమ్మాయి మెట్ల దగ్గర నిలబడి రెండో మాట చెప్పింది. చిత్తూరులో ఒక ఆస్పత్రివాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారట. వచ్చే నెలాఖరు శనివారం లోపల వస్తుందో రాదో చెప్పాలట. "ఆయనకు ఇంకా చెప్పలేదక్కా. చెప్పేదానికి ఆయన మేలుకోనుండేది ఎప్పుడు? పోతే మళ్ళా వస్తానో రానో నాకే తెలీదు." పెద్ద గొడవేమీ లేదు, తాగుడు లేదు, తిట్టుకోవడం లేదు. ఇద్దరు మంచి పిల్లలు ఒకరికొకరు తెలియకుండానే విడిపోబోతున్నారు. వీళ్ళను నాలుగు గోడల్లోంచి బయటికి లాగి, ఎవరూ పిలవని చోట రెండు రోజులు కూర్చోబెట్టాలి. అది సముద్రం ఒడ్డే కావాలని దీవెన కోరిక. అమ్మాయి అంతవరకు సముద్రం చూడలేదు.

అప్పట్నుంచి నాకు నిద్ర పట్టలేదు, ఉత్సాహంతో! బెంగళూరు నుంచి కొత్త జంటకు సముద్రం వెతికేవాళ్ళకు నేను తేల్చుకున్న సంగతులు చెబుతాను. గోవా దూరం, పైగా అక్కడికి పోయేవాళ్ళందరూ గోల కోసమే పోతారు. గోకర్ణ అందమే, కానీ శనాదివారాల్లో మన సిల్క్‌బోర్డు జంక్షన్ రద్దీ అంతా అక్కడే ఉంటుంది. పాండిచ్చేరిలో ఒడ్డు వెంట రాళ్ళు, ఫొటోలు తీసుకునే జనం. మహాబలిపురంలో చూడాల్సినవి ఎక్కువ, కూర్చోవాల్సిన చోటు తక్కువ. నెల్లూరు మైపాడు మనవాళ్ళదే, అదే చిక్కు. దీవెన మేనత్తలు ఇద్దరు నెల్లూరులోనే ఉన్నారు, పట్టుకుపోయి భోజనాలు పెడతారు. చివరికి దారి చూపింది మా చిక్కపేట సందులో క్యాంటీన్ నడిపే పెద్దాయన. ఆయనది కుందాపుర. కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "కోడిగె హోగి అమ్మా" అన్నాడు, కోడికి వెళ్ళమని. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఏంటప్పా, శుద్ధ శాకాహారం బోర్డు పెట్టుకుని కోడి అంటుండావు?" అన్నాను. ఆయన గల్లాపెట్టె మీద పడి నవ్వాడు. వాళ్ళ భాషలో తినే కోడి 'కోళి'. 'కోడి' అంటే నేల చివర, నది సముద్రంలో కలిసేచోటు. ఊరి పేరే అది. కుందాపుర పట్నానికి ఆనుకుని, పొడుగాటి ఇసుక, చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళు, ఒక దీపస్తంభం. వారం మధ్యలో పోతే మనిషి కనబడడు. హల్లెలూయ అని అక్కడే లేచి నిలబడ్డాను. కాఫీ సగం ఒలికింది.

ఇక మిగిలింది సారమ్మ అనుమతి. ఇక్కడే నేను జారాను, దాచకుండా చెబుతాను. పెళ్ళైన ఏడు నెలలకు "పిల్లల్ని బీచ్‌కు పంపు" అని ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు. ఆ ఇంట్లో ఎవరూ అలా పోయింది లేదు. కాబట్టి చాలా తెలివిగా, "పిల్లలిద్దర్నీ రెండు రోజులు ఏకాంతానికి తీసుకుపోతుండాను సారమ్మా" అన్నాను. అబద్ధమా? అక్షరాలా నిజం! కానీ మా కూడికల్లో ఏకాంతం అంటే ఒక్కటే అర్థం, జనానికి దూరంగా పోయి ప్రార్థన చేసుకోవడం. సారమ్మ ముఖం వెలిగిపోయింది. "ఏకాంతమా! ఎన్నేండ్ల నుంచో అనుకుంటుండాను అక్కా. నేనూ వస్తా." శిష్యులు జనం నుంచి తప్పించుకుని కాస్త విశ్రమిద్దామని పడవెక్కితే, ఆ జనమే ఒడ్డు వెంట పరిగెత్తి వాళ్ళకన్నా ముందు చేరారని సువార్తలో చదువుతాం గదా, సరిగ్గా అంతే. అప్పుడైనా విడమరిచి చెప్పాల్సింది. చెప్పలేదు. నేను తోడు వెళ్ళి వేరే గదిలో ఉందామనుకున్నదాన్ని, ఇప్పుడు ఆమె కూడా తేలింది.

జనవరి చివరి బుధవారం బయలుదేరాం. మీరు కూడా పగటి రైలే ఎక్కండి, ఎందుకో చెబుతాను. యశవంతపురం నుంచి ఉదయం ఏడింటికి కార్వార్ వైపు వెళ్ళే బండి ఉంది, వారానికి మూడు రోజులే. రోజులూ వేళలూ మారుతుంటాయి కాబట్టి టికెట్టు తీసేముందు చూసుకోండి. కె.ఆర్.పురంలో ఐదింటి మొదటి మెట్రో పట్టుకుని, మెజెస్టిక్‌లో లైను మారి, ఆరుంపావుకల్లా యశవంతపురం చేరాం. కూర్చునే సీటు మూడు వందల లోపే. సారమ్మ పెద్ద సంచీతో వచ్చింది, అందులో పాటల పుస్తకాలు నాలుగు, దుప్పట్లు, నిమ్మకాయ పులిహోర. ప్లాట్‌ఫారం మీద అత్త ఆ పుస్తకాలు లెక్కపెడుతుంటే దీవెన నా వైపు తిరిగిన చూపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. సంచీ అందుకుని, "రాండి అత్తా, కిటికీ పక్కన కూర్చోండి" అంది, అంతే.

సకలేశపుర దాటేదాకా మామూలు రైలే. ఆ తర్వాత బండి కొండల్లోకి దిగుతుంది చూడండి, నేను సీట్లో కూర్చోలేకపోయాను! ఒక సొరంగంలోంచి బయటపడేలోపల ఇంకొకటి, మధ్యలో లోయ, కింద ఎక్కడో తెల్లటి నీటి చార, కిటికీలోకి చొరబడే చల్లగాలి. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టె అంతా అరిచింది, అందరికన్నా గట్టిగా అరిచింది సారమ్మ. "అక్కా, చేప కడుపులో ప్రవక్తకు ఇట్లే ఉండిందేమో!" అంది. ఆయనలా మూడు రోజులు ఎందుకు, మూడు నిమిషాలకే అదిరిపోయాం. రాత్రి పనికి అలవాటు పడిన మనోహర్ మాత్రం హాసన్‌కు ముందే నిద్రలో పడ్డాడు, తల దీవెన భుజం మీద. ఆ అమ్మాయి నాలుగు గంటలు భుజం కదపలేదు. సారమ్మ పులిహోర పొట్లం విప్పి, "లేపు పాపా, తిననీ" అంటే, "పడుకోనీండి అత్తా" అని చేత్తోనే చెప్పింది. సాయంత్రం ఐదున్నరకు కుందాపుర స్టేషన్లో దిగాం.

స్టేషను ఊరికి దూరం, కోడి ఊరికి అవతలివైపు. కాబట్టి ఆటో తప్పదు. ఒక ఆటో అన్న ఫోన్లో మాట్లాడుతున్నాడు. మనోహర్ వెళ్ళి, "కోడిగె బర్తీరా అణ్ణా?" అని కోడికి వస్తారేమో అడిగాడు. ఆయన ఫోను చెవి నుంచి కాస్త దించి, "ఎంత?" అన్నాడు. మనోహర్ ఠక్కున, "నూట యాభై" అన్నాడు. ఆటో అన్న ఫోను పెట్టేసి మావాణ్ణి ఎగాదిగా చూసి, ఒకటే నవ్వు. తర్వాత అందరికీ అర్థమయ్యేలా కన్నడలో విడమరిచాడు. బెంగళూరు వాళ్ళు 'ఏను' అనే మాటను ఈ తీరంలో 'ఎంత' అంటారట. ఆయన అడిగింది 'ఏమిటి?' అని, మనకు వినబడింది 'ఎంత ఇస్తావు?' అని. న్యాయంగా మూడు వందలు అవుతుందన్నాడు. సారమ్మ ఊరుకుంటుందా? "ఏంరా, నువ్వు చెప్పిన నూట యాభైకి ఆయన కాదనలేదు గదా, దాన్నే పట్టుకో" అంది. చివరికి రెండు వందల యాభైకి తేలింది. దారి పొడుగునా ఆయన వెనక్కి తిరిగి "ఎంత?" అంటాడు, వీళ్ళు నవ్వుతారు. దీవెన గట్టిగా నవ్వడం ఆ ప్రయాణంలో అదే మొదలు.

మేం దిగిన ఇల్లు గిరిజమ్మ అనే ఆవిడది. ముందు రెండు గదులు అద్దెకిచ్చి, వెనక వంట చేసి పెడుతుంది. గదికి రోజుకు పదిహేను వందలు, తిండి వేరు. ఒక గది తలుపు తీస్తే కొబ్బరి చెట్ల సందులోంచి నేరుగా సముద్రం. రెండోది వంటింటి పక్కన. నేను సంచీ దించకముందే సారమ్మ పంపకం చేసేసింది. "ఏకాంతంలో ఆడోళ్ళు ఒకచోట, మగోళ్ళు ఒకచోట. మనోహరూ, నువ్వు ఆ వంటింటి గదిలో పడుకో. మేం ముగ్గురం ఈ సముద్రం గదిలో." మనోహర్ నా వైపు చూశాడు. దీవెన నేల వైపు చూసింది. నేను నోరు తెరవాల్సిన క్షణం అది, మళ్ళీ మూసుకున్నాను. ఎన్ని సార్లు బల్ల గుద్ది చెప్పాను, ఔనంటే ఔను, కాదంటే కాదు, మధ్యలో ఉన్నదంతా దుష్టుడిది అని! ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడికి కోడి కూశాకే తప్పు గుర్తొచ్చింది. నేను కోడి అనే ఊరిలోనే నిలబడి ఉన్నాను, ఇంకేం గుర్తు కావాలి?

తెల్లారి గురువారం. ఇది పడమటి తీరం, సూర్యుడు మన వెనక కొబ్బరి తలల్లోంచి వస్తాడు, వెలుగు మొదట దూరం నీళ్ళమీద పడి మెల్లగా ఒడ్డుకు నడిచివస్తుంది. అదంతా చూడాలంటే ఆరున్నరకు ఇసుకలో ఉండాలి. ఎంత ఖాళీ అనుకున్నారు! కనుచూపు మేర మేం నలుగురం, వల సర్దుకుంటున్న ఇద్దరు ముసలివాళ్ళు, ఒక కుక్క. తడి ఇసుక కాళ్ళ కింద గట్టిగా, పలక మీద నడిచినట్టుంటుంది. అక్కడక్కడా చిన్న వల కంచెలు కట్టి ఉంటాయి. అవి తాబేళ్ళు గుడ్లు పెట్టిన చోట్లు, వాటికి దూరంగా నడవండి. అలలు చిన్నవే, కానీ నది కలిసేచోట లోపలికి లాగుతుంది, మోకాలు దాటి పోవద్దని గిరిజమ్మ పదిసార్లు చెప్పింది. సారమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, యాభై రెండేళ్ళ వయసులో, జీవితంలో మొదటిసారి సముద్రంలో కాళ్ళు పెట్టింది. అల వచ్చి తాకగానే, "అయ్యో దేవా! అక్కా, కింద నేల పోతుండాది, నన్ను పట్టుకో!" అని కేక. మళ్ళీ అల కోసం ఎదురుచూపు. చంటిపిల్లలా ఎగిరింది. నేను కూడా ఎగిరాను, ఎందుకు దాచాలి. ఆ తర్వాత ఇసుకలో కూర్చోబెట్టి అరగంట పాటలు పాడించింది, ఒక్కొక్కరి చేత ప్రార్థన చేయించింది. కళ్ళు తెరిచి చూస్తే మొగుడూ పెళ్ళాల మధ్య అత్తా, నేనూ, నాలుగు పాటల పుస్తకాలూ ఉన్నాం.

తొమ్మిదింటికి ఫలహారానికి కూర్చున్నాం. నీరుదోసె అంటే బియ్యం పిండిని నీళ్ళలా కలిపి పోసే పల్చటి దోసె. పక్కన కొబ్బరి చట్నీ, నిన్నటి బంగడ చేప పులుసు. గిరిజమ్మ ప్లేటు పెడుతూ సారమ్మను "ఎంత బేకు?" అంది. ఏం కావాలని ఆమె అడిగితే, ఆటో పాఠం అప్పుడే మరిచిపోయిన సారమ్మ "కొంచెం సాలు" అంది. అందరం నవ్వాం. దీవెన నవ్వలేదు. రెండు నిమిషాల తర్వాత ప్లేటు పట్టుకుని వంటింట్లోకి పోయింది. మధ్యలో పల్చటి చెక్క గోడే, లోపలి మాటలన్నీ వినబడతాయి. గిరిజమ్మ పెనం మీద పిండి పోసిన చప్పుడు ఆగింది. అమ్మాయి ఏడుస్తోందని మాకు తెలియదు, ఆమె చూసింది.

"ఎంత ఆయ్తమ్మా?" అంది గిరిజమ్మ. ఏమైందమ్మా అని.

దీవెనకు అది మన ఎంతగానే వినబడింది. పెళ్ళై ఎంత కాలమైందని అడుగుతోంది అనుకుంది. "ఏడు నెల్లు" అంది ముక్కు చీదుకుంటూ.

"ఏళు తింగళా!" గిరిజమ్మ చేతిలో గరిటె కింద పడింది. ఏడు నెలలంటే ఆమె ఏమనుకుందో మీకు తెలుసు. "హొట్టెయే కాణల్ల!" కడుపే కనబడదే అంది.

దీవెన ఒక్కసారి పగలబడి నవ్వి, ఆ నవ్వులోంచే ఏడుపు పెట్టుకుని, తెలుగు కన్నడ కలిపి మొత్తం కక్కేసింది. "కడుపు యాడిదమ్మా? పెండ్లై ఏడు నెల్లు. ఆయనతో నేను ఒక గంట ఒంటిగా కూర్చోనింది లేదు. ఇక్కడికొస్తే కూర్చుందాం అనుకుంటి. ఇక్కడా ఆయన ఒక గదిలో, నేను ఒక గదిలో. శనివారం చిత్తూరోళ్ళకు వస్తానని చెప్పేస్తా."

ఈ పక్క బల్ల దగ్గర మనోహర్ చేతిలో దోసె ముక్క అలాగే ఉండిపోయింది. చిత్తూరు సంగతి అతనికి తెలిసింది అప్పుడే. లేచి వంటింట్లోకి పోయాడు. సారమ్మ నా వైపు తిరిగింది. "ఏకాంతం అంటివి గదక్కా?"

ఇక దాచడానికి ఏముంది? ఇద్దరం ఇసుకలోకి నడిచాం. "నేను చెప్పిన ఏకాంతం వాళ్ళిద్దరిదీ సారమ్మా. నీతో ఆ మాట చెప్పేదానికి భయపడినా. నువ్వు ప్రార్థన అనుకుంటే దిద్దలేదు. నాది తప్పు" అన్నాను. ఆమె కోపంతో కేకలేస్తుందనుకున్నాను. కేక వెయ్యలేదు, అది ఇంకా కష్టం. "నీ నోట వాక్యం విని గదా నేను నడుస్తుండేది. నన్ను అడిగింటే పంపనా? నేనేమన్నా రాక్షసినా? కోడలు నన్ను చూసి ఏడ్చుకుంటా దోసె తింటుంటే, నేను పాటలు పాడిస్తుండానే!" అని ఇసుకలో కూలబడింది. నీళ్ళవైపు చూస్తూ తనలో తాను మాట్లాడుకున్నట్టు అంది. "మా ఆయన ఉండంగా ఇంట్లో ఎనిమిది మంది. ఆయనతో నేను ఒంటిగా మాట్లాడింది ఎప్పుడు తెలుసునా? ఆస్పత్రిలో. మంచం చుట్టూ ఆకుపచ్చ గుడ్డ లాగినారు చూడు, అప్పుడు. పద్దెనిమిదేండ్ల కాపురంలో అదే మా ఏకాంతం. ఆయన నన్ను ఏమడిగినాడో తెలుసునా? 'నీకు ఏం కూరంటే ఇష్టమే?' అని. అన్నేండ్లకు, అది." నా వైపు తిరిగి, "ఇంట్లో వాళ్ళ గదికీ గుడ్డే గదక్కా ఉండేది, తలుపు లేదు" అంది.

నేను బల్ల గుద్ది చెప్పిన ఏ ప్రసంగమూ ఆ మాటకు సాటిరాదు. నేను ఏదో వచనం ఎత్తబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడు సాలు. లేయ్. మనిద్దరం ఊరు చూసొద్దాం, పొద్దు వాలేదాకా రావొద్దు." ఇంట్లోకి పోయి, సముద్రం గదిలోంచి తన సంచీ, నా సంచీ ఈడ్చుకొచ్చి వంటింటి గదిలో పడేసి, మనోహర్ బ్యాగు అటు విసిరింది. వంటింటి గుమ్మంలో నిలబడి, ఇంకా నిలబడే మాట్లాడుకుంటున్న పిల్లలిద్దర్నీ చూసి, "రేయ్, ఆ పిల్లకు ఏం కూరంటే ఇష్టమో అడుగురా ముందు" అని వచ్చేసింది.

కోడి నుంచి పట్నానికి ఆటో, అక్కడి నుంచి మరవంతె తీరానికి బస్సు, ముప్పావు గంట. టికెట్టు ముప్పై లోపే. మీరు వెళ్తే డ్రైవరు వెనకే కూర్చోండి. రోడ్డుకు ఒకవైపు సముద్రం రాళ్ళను కొడుతుంటుంది, రెండోవైపు నది చప్పుడు లేకుండా పోతుంటుంది, మధ్యలో సన్నటి దారిన మన బస్సు. నీళ్ళు రెండుగా చీలి మధ్యలో ఆరిన నేల మీద జనం నడిచిపోయిన సంగతి ఎన్నిసార్లు చెప్పానో, ఆ రోజు నా కళ్ళతో చూసినట్టే అయింది. సీట్లోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. కండక్టరు కూర్చోమన్నాడు. మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో అన్నం, మసాలా పూసి పెనం మీద కాల్చిన చేప తిన్నాం, ఇద్దరికీ కలిపి నాలుగు వందలు. సారమ్మ చెట్టు నీడలో కూర్చుని నన్ను తిట్టింది, మళ్ళీ నవ్వింది, మళ్ళీ తిట్టింది. సాయంత్రానికి నా మీద కోపం తీరిందో, అలిసిపోయిందో చెప్పలేను.

మేం తిరిగొచ్చేసరికి సూర్యుడు నీళ్ళకు జానెడు పైన ఉన్నాడు. అలలకు అడ్డంగా రాళ్ళు పేర్చి కట్టిన పొడుగాటి దారి ఉంది, సముద్రంలోకి నడిచిపోవచ్చు. దాని కొసన రెండు ఆకారాలు కూర్చుని కనబడ్డాయి. అతను చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, ఆమె వింటోంది. కాసేపటికి ఆమె చెబుతోంది, అతను వింటున్నాడు. నేను పిలవబోయాను. సారమ్మ నా కొంగు పట్టి లాగి, "ఊరకుండు" అంది. లేఖనంలో ఉన్న ఆ ఒక్క మాట మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను, ఎప్పుడూ పాటించలేదు. ఆ సాయంత్రం పాటించాను. ఇద్దరం దూరంగా ఇసుకలో కూర్చుని వేరుశెనక్కాయలు తిన్నాం. రాత్రి భోజనానికి గిరిజమ్మ కుందాపుర కోడికూర వండింది, దీవెన అడిగిందట. కోడిలో కోడి!

శుక్రవారం ఉదయం మేమిద్దరం పెద్దవాళ్ళం ఎనిమిది గంటల బస్సుకు బయలుదేరాం. పిల్లలు ఆదివారం దాకా ఉంటామన్నారు. మనోహర్ సెలవు పెంచమని కంపెనీకి రాసి, పగటి పని కావాలని కూడా అడిగాడట. ఇస్తారో ఇవ్వరో ఇంకా తెలియదు. బస్సు కిటికీ దగ్గర దీవెన అత్త చెయ్యి పట్టుకుంది. శనివారం పగలు పన్నెండుకు నేను మిషను తొక్కుతుంటే ఫోను మోగింది. "అక్కా, చిత్తూరోళ్ళకు ఫోన్ చేసినా." నా కాలు ఆగింది. "ఏం చెప్పినావు తల్లీ?" అటుపక్క ఒక అల పూర్తిగా వచ్చి వెనక్కి పోయిన చప్పుడు విన్నాను. "రానని చెప్పినా" అంది. నేను చేసిన స్తోత్రానికి పక్క అంగడివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆ ఆదివారం కూడిక ముగియగానే సారమ్మ నన్ను కాటన్‌పేట లాక్కుపోయి ఒక గొళ్ళెం కొన్నది. మర్నాడు వడ్రంగి పిల్లల గదికి తలుపు బిగిస్తుంటే దగ్గర నిలబడి, "గొళ్ళెం లోపలి వైపు పెట్టప్పా, బయట కాదు" అని మూడుసార్లు చెప్పింది.

ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి పోయి తలుపు వేసుకోమని ప్రభువు చెప్పాడు. ఇన్నేళ్ళూ ఆ వచనంలో నేను ప్రార్థననే చూశాను, తలుపును చూడలేదు. తలుపే లేని ఇళ్ళలో కాపురం చేసేవాళ్ళకు ఏం చెప్పాలో నాకు ఇప్పుడు తెలుసు. కోడి తీరం గొప్పదే, ఇసుక బంగారమే, నీరుదోసె కోసం మళ్ళీ పోతాను. అయితే సముద్రం ఆ ఇద్దరికీ కొత్తగా ఇచ్చిందేమీ లేదు. రెండు రోజులు మేం అడ్డం తప్పుకోవడానికి ఒక సాకు ఇచ్చింది, అంతే. ఆ సాకు కూడా నేను తిన్నగా చెప్పలేకపోయాను. మీ ఇంట్లో కొత్త జంట ఉంటే ప్రసంగం చెయ్యకండి, టికెట్టు తీసివ్వండి. ఎక్కడికి, ఎందుకు అనేది పెద్దవాళ్ళతో సూటిగా చెప్పండి, వాళ్ళు మనం భయపడినంత చెడ్డవాళ్ళు కారు.

పనికొచ్చే ఒక్క సంగతి. కోడిలో ఇలాంటి ఇళ్ళకు వారం మధ్యలో ఫోన్ చేస్తే గది తేలిగ్గా దొరుకుతుంది. రెండు గదులు తీసుకునేటట్టయితే అప్పుడే చెప్పేయండి, సముద్రం వైపు గది మొగుడూ పెళ్ళాలకని. పెద్దవాళ్ళకు వంటింటి పక్క గదే మేలు, పొద్దున కాఫీ మొదట వాళ్ళకే అందుతుంది.